పెరట్టు గంటకి బంగారు రంగు

నిన్న మన ఊరు సుంగై సుమున్ వెళ్లాను. మన పాత కొబ్బరి ఎస్టేట్ గంటకి బంగారు రంగు పూసి కూడలిలో వేలాడదీశారు, చూశారా? గంటంటే ఏముంది, రైలు పట్టా ముక్క. తెల్లారకముందే అది మోగితే పెరట్టుకి, అంటే పనివాళ్ల హాజరుకి, పరుగెత్తాలి. "బేగి లెగండర్రా!" అని మా నాన్నమ్మ కేకలేసేది. ఆమె తలగుడ్డకి ఎప్పుడూ కొబ్బరి ఎండబెట్టే పొగ వాసన. రేకు గ్లాసులో పాలు లేని కాఫీ. మీ ఇంట్లోనూ అంతే కదర్రా?

ఇప్పుడా గంట పక్కన 'మన ఊరి చరిత్ర' అని పెద్ద బోర్డు పెట్టారు. అందులో నది ఉంది. ఎస్టేట్ తెల్లదొర ఉన్నాడు. దొర కాళ్ల దగ్గర ఆయన కుక్క కూడా ఉంది. సముద్రం దాటొచ్చి, అడవి కొట్టి, కాలవలు తవ్వి, ఈ ఊరిని నిలబెట్టిన మనవాళ్ల గురించి ఒక్క ముక్క లేదు!

బోర్డు పెట్టిన కమిటీలో మన తెలుగాయన ఒకడున్నాడు. అక్కడే కనిపిస్తే అడిగాను. మాట చివర మలాయి వాళ్ల 'లా' తగిలించి నవ్వాడు.

"జాగా సాల్లేదక్కా, ఏటి సేస్తాం లా!"

"కుక్కకి సాలినాదా?"

మళ్లీ అదే నవ్వు. నాకు ఒళ్లు మండిపోయింది. అక్కడ వేలాడుతున్న సుత్తి అందుకుని, అచ్చం పెరట్టుకి కొట్టినట్టే గబగబా వాయించాను.

ఎదురుగా కాఫీ కొట్లో ఎనభై దాటిన అప్పన్న తాత, ఒకప్పుడు అదే ఎస్టేట్‌లో కాయలు దింపినవాడు, కప్పు వదిలేసి లేచి నిలబడ్డాడు. పనికెళ్లేటప్పటి తలగుడ్డ కోసం తల తడుముకున్నాడు.

"అదిగో తమ్ముడూ, తాత హాజరైనాడు" అన్నాను. "ఇప్పుడు బోర్డు మీద ఈయన పేరు రాయి!"