గుమ్మంలో గుడ్డు

షికాగో నుంచి ట్రాయ్‌లో ఉన్న మా చెల్లెలి ఇంటికి రైల్లో వెళ్తున్నాను. పక్క సీట్లో ఒకెల్లో అనే ఉగాండా ఆయన. వయసు నలభై దాటి ఉంటుంది. మధ్యాహ్నం నా డబ్బాలోంచి ఉడికించిన గుడ్డు ఒకటి ఇస్తే, తినకుండా దాన్నే చూస్తూ కూర్చున్నాడు.

"గుడ్డు తినరా?" అన్నాను.

"తింటానండీ. మా అమ్మ గుర్తొచ్చింది," అంటూ చెప్పుకొచ్చాడు.

పదకొండేళ్లప్పుడు తిరుగుబాటుదారులు అతన్ని బడి నుంచి ఎత్తుకుపోయి చేతికి తుపాకీ ఇచ్చారు. నాలుగేళ్లు వాళ్లు చెప్పిందల్లా చేశాడు. చివరికి తప్పించుకుని ఇంటిదారి పట్టాడు.

"ఎంతమందిని చంపావని అమ్మ అడిగితే ఏం చెప్పాలా అని దారి పొడుగునా ఒకటే భయం."

ఆమె అడగలేదట. ఊరంతా చూస్తుండగా వాకిట్లో పచ్చి గుడ్డు పెట్టి, దాన్ని తొక్కి లోపలికి రమ్మందట. అలా చేస్తే అంటుకున్న చెడంతా బయటే ఉండిపోతుందని వాళ్ల నమ్మకం. మనవాళ్లు గుమ్మంలో ఎర్రనీళ్లతో దిష్టి తీయడం నాకు గుర్తొచ్చింది.

"దాంతో అంతా సర్దుకుందా?"

"లేదండీ, పీడకలలు పోవడానికి ఏళ్లు పట్టింది. ఇక్కడికొచ్చాక కౌన్సెలింగ్‌కీ వెళ్లాను. ఇప్పుడు హాయిగా నిద్రపడుతోంది."

"మరి ఆరోజు అమ్మ ఏమీ అనలేదా?"

అతని ముఖం విప్పారింది.

"'కాళ్లు కడుక్కురా, తిందువుగాని' అంది. నాలుగేళ్ల తర్వాత నన్ను మళ్లీ పిల్లాడిలా చూసిన మొదటి మనిషి ఆవిడే."