‘కనబడవు’ అని రాసింది నేనే

మా వదిన మీద మా క్లినిక్‌లో మూడు ఫిర్యాదులున్నాయి. పిలవకుండా పేషెంట్ల గదిలోకి వస్తుంది. డాక్టర్ సంతకం పెట్టి పంపిన ఫారాన్ని తిప్పి పంపుతుంది. వెనకగది ల్యాబ్‌లో ఆవిడ నవ్వితే ముందుగది కుర్చీల్లో కూర్చున్నవాళ్ళకి వినబడుతుంది. మూడూ నిజమే. నేను ఆవిడ మరదలిని, అదే క్లినిక్‌లో పదకొండేళ్ళుగా ఫొటోలు తీసి ఫారాలు నింపుతున్నాను. ఇంట్లోవాళ్ళ సాక్ష్యం చెల్లదని ఎవరైనా అంటే అననివ్వండి.

ఆవిడ పని పళ్ళు చేయడం. ప్లాస్టర్ అచ్చు ముందు పెట్టుకుని, పన్ను చెక్కి, రంగు వేసి, కాల్చి, పక్క పన్ను కూడా పోల్చుకోలేనంత బాగా చేస్తుంది. ఆవిడ నవ్వితే మాత్రం పైపెదవి గబుక్కున లేచి, పళ్ళ పైన అరవేలు వెడల్పున చిగురు బయటపడుతుంది. అందుకని క్లినిక్‌లో చాటుగా ‘చిగుళ్ళమ్మ’ అని పేరు పెట్టారు. అది చెవిన పడ్డ రోజునే ల్యాబ్ ఫోనెత్తి, “చిగుళ్ళమ్మని మాట్లాడుతున్నా, చెప్పండి” అంది. ఆ తర్వాత ఆ పేరుతో ఏడిపించాలన్న సరదా ఎవరికీ మిగల్లేదు.

పెళ్ళినాడూ ఇంతే. ఫొటోగ్రాఫర్ “కొంచెం పెదాలు కలపండమ్మా” అని రెండుసార్లు అన్నాడు. మూడోసారి అనేసరికి ఆవిడకి నవ్వు ఆగలేదు. ఆ ఫొటోలో మా అన్నయ్య బిక్కమొహం వేసుకుని ఉంటాడు, వదిన చిగుళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతుంటుంది. మా అమ్మ దాన్ని హాల్లో పెట్టనివ్వలేదు. పడకగది తలుపు వెనకాల గోడకి మేకు కొట్టించింది. తలుపు తీస్తే ఫొటో కనబడదు, గదిలో మనుషులున్నంతసేపూ తలుపు తీసే ఉంటుంది. ఆ మేకు కొట్టింది నేను. పంతొమ్మిదేళ్ళ వయసులో సుత్తి పట్టుకోవడం వచ్చినందుకు గొప్పగా కూడా అనిపించింది.

ఇక ఈత టీచర్ సంగతి. ఆవిడ చిన్నపిల్లలకి ఈత నేర్పుతుంది. కాళ్ళు కొట్టడం నేర్చుకుంటున్న పిల్లవాడి మడమ తగిలి పైన ముందు పన్ను పోయింది. పెద్ద డాక్టర్ దవడ ఎముకలో స్క్రూ బిగించారు. అదే ఇంప్లాంట్. అది ఎముకతో కలిసిపోవడానికి ఆరు నెలలు పట్టింది. అన్నాళ్ళూ ఆవిడ తీసి పెట్టుకునే పన్నుతో నెట్టుకొచ్చింది. నీళ్ళలో దిగేటప్పుడు అదీ తీసేయాలి. “నవ్వడం మానేశానండీ. ఈల వేసి పిలుస్తున్నా. కొత్త పిల్లలు ఒక్కరూ గట్టు దిగడం లేదు” అని నాతో చెప్పింది. విన్నాను. ఫారంలో దానికి గడి లేదు కాబట్టి రాయలేదు.

ఎముకలో స్క్రూకీ, పైన పన్నుకీ మధ్య చిగురులోంచి వచ్చే ముక్క ఒకటుంటుంది. అబట్‌మెంట్ అంటారు, మేం మధ్యముక్క అంటాం. ఎవరూ చూడని ఆ ముక్కతోనే గొడవంతా. టైటానియందైతే గట్టిగా ఉంటుంది, బూడిద రంగులో ఉంటుంది. చిగురు మందంగా ఉన్నవాళ్ళకి, నవ్వినా పెదవి పైకి లేవనివాళ్ళకి దానితో ఇబ్బంది లేదు. చిగురు పల్చగా ఉండి, నవ్వితే బయటపడే వాళ్ళకి మాత్రం పన్ను పైన కమిలినట్టు నీడ కనబడుతుంది. వాళ్ళకి పింగాణీలా తెల్లగా ఉండే జిర్కోనియాతో చేయాలి. ఎవరికి ఏది అన్నది మా ఫారంలో ఒక గడి తేల్చేస్తుంది: నవ్వితే చిగుళ్ళు కనబడతాయా?

“కొంచెం నవ్వండి” అన్నాను. ఈత టీచర్ నవ్వింది. పెదవి పళ్ళ మీదే ఉండిపోయింది. ఫొటో తీసి, గడిలో ‘కనబడవు’ అని రాశాను. పెద్ద డాక్టర్ ఫొటో చూసి, టైటానియం, రెడీమేడ్ ముక్క అని రాసి సంతకం పెట్టారు.

అరగంటలో ఆ ఫారం, దాని వెనకాలే వదిన, నా బల్ల దగ్గరకి వచ్చారు. వదిన చేతిలో ఈత టీచర్ నోటి అచ్చు ఉంది.

“ఏమ్మా మరదలా, ఈవిడ ముందు పన్ను పోయి ఎన్నాళ్ళయింది?”

“ఆర్నెల్లు.”

“ఆర్నెల్లుగా పెదవి బిగబట్టుకున్న మనిషి నువ్వు నవ్వమనగానే నోరు తెరుస్తుందా? నువ్వు తీసింది నవ్వునా, దాచుకోవడాన్నా?”

నాకు ఒళ్ళు మండింది. “అచ్చు చూసి నవ్వు చెప్పేస్తావా నువ్వు?” అన్నాను.

“పళ్ళు చూడు ఎంత పొట్టిగా ఉన్నాయో. చిగురు చూడు ఎంత కిందికి దిగి ఉందో. ఈ నోరు నాకు తెలుసే. రోజూ పొద్దున్నే అద్దంలో చూస్తున్నా.”

మా దగ్గరకి వచ్చేదే పళ్ళు పోయినవాళ్ళు. నవ్వడం మానేసినవాళ్ళని నవ్వమని అడిగి, ఆ నవ్వుని కొలిచి, పదకొండేళ్ళుగా ‘కనబడవు’ అని రాస్తున్నాను. ఎంతమందికి రాశానో తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

గురువారం ఈత టీచర్ పన్ను రంగు సరిచూసుకోవడానికి వచ్చి, పెట్టుడు పన్ను తీసి కుర్చీలో కూర్చుంది. వదిన తలుపు కూడా తట్టకుండా లోపలికి వచ్చేసింది. పెద్ద డాక్టర్ చేతులు కడుక్కుంటూ కళ్ళెర్రజేశారు. వదిన స్టూలు లాక్కుని కూర్చుని పెళ్ళి ఫొటో కథ మొదలుపెట్టింది. ఫొటోగ్రాఫర్ గొంతు, మా అన్నయ్య బిక్కమొహం అచ్చం దించేసింది. “చిగుళ్ళు కనబడితే చెట్టుకైతే అందమంటారు, నాకొచ్చేసరికి లోపమంటారు, ఇదెక్కడి న్యాయమండీ?” అంది.

ఈత టీచర్ పకపకా నవ్వేసింది. వెంటనే చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది. వదిన ఆ చెయ్యి పట్టుకుంది.

“చెయ్యి తీయండి. ఎవరివి ఎక్కువ కనబడతాయో చూద్దాం, పందెం!”

ఇద్దరూ నవ్వారు. పన్ను లేని ఖాళీతో సహా చిగురంతా బయటపడింది. నేను ఫొటో తీశాను.

“సార్, కొలతపుల్ల ఒక్కసారి పెట్టి చూడండి” అంది వదిన. ఆయన విసుక్కుంటూనే సన్నటి ఉక్కు పుల్లని పక్క పన్ను చిగురు లోపలికి పెట్టారు. పుల్ల నల్లగా చిగురులోంచి కనబడింది. అంటే చిగురు అంత పల్చన. ఆయన చూశారు, నేను చూశాను. ఆయన వదినని వరండాలోకి రమ్మన్నారు. నేనూ తలుపు దగ్గర నిలబడ్డాను.

“జిర్కోనియా పగిలితే ఎవరమ్మా బాధ్యత?”

“స్క్రూలో కూర్చునే అడుగు టైటానియంతోనే చేస్తాను సార్. చిగురులోంచి వచ్చేది మాత్రం తెల్లది. రెండూ అతికిస్తా. ఇలాంటివి ఇదివరకు చేశాను, ఒక్కటీ పగల్లేదు.”

“ఇంకో వారం ఆలస్యం. ఎందుకిదంతా? ఆవిడ మరీ అంతగా నవ్వకపోతే సరిపోతుంది కదా.”

పెద్ద డాక్టర్ చెడ్డ మనిషి కాదు, చెయ్యి మంచిది. ఆ మాట కూడా సౌమ్యంగానే అన్నారు. నాకు అందుకే ఇంకా కోపం వచ్చింది. మేకు తలుపు వెనకాల కొట్టమని మా అమ్మ కూడా ఇంత సౌమ్యంగానే చెప్పింది.

“ఆ ముక్క మీద పన్ను నేను చెయ్యను సార్” అంది వదిన.

“చెయ్యకపోతే?”

“వేరేవాళ్ళని చూసుకోండి. నా బల్ల తుడిచి ఇచ్చి వెళ్తాను.”

ఆయన సరేననలేదు, కాదనలేదు. ముక్క అమర్చే రోజు ట్రేలో రెండూ ఉన్నాయి. ఆయన పెట్టెలోంచి తీసిన రెడీమేడ్‌ది ఒకటి, వదిన చేసిన తెల్లది ఒకటి. ఆయన మొదటిది తీసుకుని బిగించారు. వదిన గోడకి ఆనుకుని చేతులు కట్టుకుని నిలబడింది. ఇక ఆవిడ ఉద్యోగం పోయినట్టేననుకున్నాను.

“కొంచెం నవ్వండి” అన్నారు డాక్టర్. ఈత టీచర్ అలవాటు కొద్దీ పెదవి దించుకుని నవ్వింది. “చూశారా, బాగానే ఉంది” అంటూ అద్దం ఇవ్వబోయారు.

డాక్టర్ ముందు ఏనాడూ నోరు మెదపని నేను, “సార్, అది ఆవిడ నవ్వు కాదు” అన్నాను. గురువారం తీసిన ఫొటో ఈత టీచర్ చేతిలో పెట్టాను.

ఆవిడ చాలాసేపు చూసింది. “ఇది నేనేనా? ఇలా నవ్వి ఎన్నాళ్ళయిందో” అంది. తర్వాత అద్దం లాక్కుని, తన వేలితోనే పెదవి పైకెత్తింది. చిగురులో బూడిద రంగు నీడ.

“ఇదేంటి డాక్టర్ గారూ, దెబ్బ తగిలినట్టుంది?”

“మామూలుగా కనబడదమ్మా. మీరు మరీ గట్టిగా నవ్వితే తప్ప...”

“నీళ్ళు చూసి ఏడ్చే పిల్లల్ని నేను నవ్వించి దింపుతాను. పెదవి బిగించుకుంటే ఒక్కడూ దిగడు. తియ్యండిది.”

డాక్టర్ తీశారు. తల తిప్పకుండానే అరచెయ్యి వెనక్కి చాపారు. వదిన తెల్ల ముక్క అందులో పెట్టింది. అది కూర్చున్నాక చిగురు గులాబీ రంగులో అలాగే ఉంది. ఈత టీచర్ అద్దంలో చూసుకుని ఎంత గట్టిగా నవ్విందంటే ముందుగదిలోంచి ఎవరో తొంగి చూశారు.

సోమవారం నోటీసు వచ్చింది: ల్యాబ్ సిబ్బంది పేషెంట్ల గదిలోకి రాకూడదు. వదిన దాన్ని తన బల్ల పైన అతికించుకుంది. ఆ వారం నాలుగుసార్లు లోపలికి వచ్చింది, నాలుగుసార్లూ నేనే పిలిచాను. ఫారంలో ఆ గడి కొట్టేసి, ‘నవ్వించి చూశాం’ అని పక్కన చేత్తో రాస్తున్నాను. డాక్టర్ దాని కింద సంతకం పెడుతున్నారు.

ఆ ఆదివారం వదిన ఇంట్లో లేని సమయం చూసి తలుపు వెనక మేకు పీకాను. ఫొటో తుడిచి, హాల్లో, గుమ్మంలోకి అడుగుపెట్టగానే కనబడేచోట మేకు కొట్టి తగిలించాను. సుత్తి చప్పుడుకి అమ్మ వంటింట్లోంచి వచ్చింది.

“ఏమే, బుద్ధుందా? వచ్చినవాళ్ళు చూసి ఏమనుకుంటారు?”

“చిగుళ్ళు అనుకుంటారమ్మా” అన్నాను. “చిగుళ్ళే కదా.”