బెరిల్ ఆష్‌వర్త్ పెట్టిన సాక్షి సంతకం

ఇంగ్లండులో లాంకషైర్ జిల్లా బేకప్ ఊళ్లో రాజుగారిని ఎవరైనా ఒక్క మాటంటే చాలు, బెరిల్ ఆష్‌వర్త్ చేతిలోని గ్లాసు బల్ల మీద పెట్టేసేది. గ్లాసు కింద పెట్టిందంటే వాదనకు దిగిందన్నమాట. పదిహేనో ఏట చెప్పుల ఫ్యాక్టరీలో చేరి, ఇళ్లలో తొడుక్కునే మెత్తని చెప్పులు నలభై నాలుగేళ్లు కుట్టిన మనిషి. భర్త స్టాన్ పోయి పద్దెనిమిదేళ్లయింది. పిల్లలు లేరు. ఉండేది అద్దె ఇల్లు. ఆవిడ ఆస్తల్లా నోరే. ఆ నోటితో ముప్పై ఏళ్లపాటు గురువారం గురువారం క్లబ్బులో రాజకుటుంబం తరఫున వకాల్తా పుచ్చుకుంది. వాళ్లు అడగకపోయినా సరే.

అవతలి పక్షం క్లిఫర్డ్ పిల్లింగ్. ఎదురింటివాడే. బస్సు డ్రైవరుగా రిటైరైన మొండిఘటం. పెళ్లి చేసుకోలేదు, తోబుట్టువులు లేరు. క్లబ్బులో ఏడాదికోసారి జరిగే విందులో అందరూ లేచి రాజుగారి పేర గ్లాసులెత్తితే ఈయన మాత్రం కుర్చీకి అతుక్కుపోయి బంగాళదుంపలు నములుతూ ఉండేవాడు. లాంకషైర్‌లో ఆ గ్లాసులెత్తడం కూడా అందరిలా ఉండదు. "రాజుగారు, లాంకస్టర్ డ్యూక్" అని రెండో బిరుదు కూడా కలిపి మరీ తాగుతారు. మొన్నటిదాకా రాణిగారున్నప్పుడూ డ్యూక్ అనే అనేవారు. రాజు దేశానికంతటికీ రాజేమో గానీ, డ్యూక్ మాత్రం మనవాడని బెరిల్ మురిసిపోయేది.

బల్ల మీద డామినోలు, ఆ చుక్కల బిళ్లలు, పరిచాక ఇద్దరికీ మొదలయ్యేది. ఉప్పూ నిప్పూ అంటారే, అదీ వరస.

"మా నాన్న బస్సు నడిపాడని నాకు లైసెన్సు చేతిలో పెట్టారా? పరీక్ష పెట్టారు. రెండుసార్లు తప్పాను. మరి ఆయనకెవడు పెట్టాడు పరీక్ష?" అనేవాడు క్లిఫర్డ్.

"నువ్వు రెండుసార్లు తప్పావు కాబట్టే, పుట్టిన దగ్గర్నుంచీ పని నేర్చుకున్నవాడు ఒకడుండాలంటున్నా" అనేది బెరిల్.

ఒకప్పుడు రాజకుటుంబం నుంచి ఒకావిడ చెప్పుల ఫ్యాక్టరీ చూడ్డానికొచ్చింది. అప్పుడు ఆవిడ నడిచే దారి పొడుగునా గోడలకు రంగులేశారు, మలుపు తిరగ్గానే ఆపేశారు. బెరిల్ కుట్టుమిషను ఆ మలుపుకు అవతల ఉండేది. క్లిఫర్డ్ ఇది ఎప్పుడూ మరిచిపోనిచ్చేవాడు కాదు. ఈ దేశమంతా అలాగే ఉంది, వాళ్లు నడిచే మేరకే రంగు, మిగతా మనందరం మలుపు అవతలే అనేవాడు. టై కట్టుకున్న వకీలన్నా, ముక్కుతో మాట్లాడే డాక్టరన్నా ఆయనకు ఒళ్లుమంట. అంతా ఒకే బడిలో చదివి, ఒకే బల్ల దగ్గర తిని, మన నెత్తిన కూర్చున్నవాళ్లనేవాడు.

అన్నీ విని బెరిల్ చివర్లో ఒకే మాట అడిగేది. "సరేనయ్యా. ఇన్నేళ్లలో రాజు నీ ఇంట్లోంచి ఒక్క చెంచా పట్టుకుపోయాడా? ఉంటే చూపించు."

అక్కడ క్లిఫర్డ్ పన్నులనీ, భూములనీ ఏదో నసిగేవాడు. చెంచా చూపించలేకపోయేవాడు. బెరిల్ గ్లాసు అందుకునేది. ఆ వారానికి గెలుపు ఆవిడది.

పోయిన మార్చిలో బెరిల్ ఉంటున్న ఇంటి యజమాని చనిపోయాడు. కొడుకు ఇల్లు అమ్మకానికి పెట్టాడు. సెప్టెంబరు ఆఖరుకు ఖాళీ చెయ్యమని ఆవిడకు ఉత్తరమొచ్చింది. ముప్పై ఆరేళ్లు కాపురమున్న వీధి. ఇంకెక్కడికైనా వెళ్లాలంటే మోర్‌కమ్‌లో చెల్లెలి ఇంట్లో మెట్ల కింద చిన్నగది ఉంది, సముద్రపు గాలి, చెల్లెలి సణుగుడు. బెరిల్ ఎవరి దగ్గరా ఏడవలేదు గానీ, ఆ గురువారం డామినోలు తప్పుల తడకగా ఆడింది. క్లిఫర్డ్ అది చూశాడు.

రెండు వారాల తరవాత స్టేషనరీ షాపులో దొరికే వీలునామా ఫారం ఒకటి కొనుక్కొచ్చాడు. వకీలు గడప తొక్కేది లేదు కదా, తానే బాల్‌పెన్నుతో నింపాడు. క్లబ్బు బల్ల మీద దాన్ని రాత కనబడకుండా మడిచి, సంతకం చేసే చోటు మాత్రం కనబడేలా పెట్టి, వీలునామాకు కావలసిన ఇద్దరు సాక్షులుగా క్లబ్బు నడిపే డెనిస్‌నూ బెరిల్‌నూ పిలిచాడు. ఆ పూట క్లబ్బులో ఇంకో పది పన్నెండు మంది ఉన్నారు. ఎవరు సంతకం పెట్టినా సరిపోయేది. అయినా బెరిలే పెట్టాలన్నాడు. వాళ్లలో నమ్మదగ్గవాడు ఒక్కడూ లేడన్నాడు.

"అంత రహస్యమేంటో, చదవనివ్వవా?" అంది బెరిల్.

"నేను పోయాక చదువుదువుగానిలే. ఇప్పుడు చదివితే దాని మీద కూడా వాదన పెట్టుకుంటావు" అన్నాడు.

బెరిల్ నవ్వుతూ సంతకం పెట్టింది. బడిలో నేర్చిన గుండ్రటి చేతిరాత, పూర్తి పేరుతో.

ఆగస్టు మొదటివారంలో క్లిఫర్డ్ కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పొద్దున్నే కర్టెన్లు తియ్యలేదని గమనించి తన దగ్గరున్న తాళంచెవితో తలుపు తీసింది బెరిలే. అంత్యక్రియలు చేయించింది, వచ్చినవాళ్లకు హామ్ శాండ్‌విచ్‌లు కోయించింది, పాటలేవీ వద్దని రాసి పెట్టుకున్నవాడికి పాట లేకుండానే సాగనంపింది. అతికించిన కవరులో దొరికిన వీలునామాను విప్పకుండానే ఊళ్లోని వకీలు ఆఫీసులో ఇచ్చింది. ఆ తరవాత అక్కణ్ణుంచి రమ్మని కబురొచ్చింది.

వకీలు పేరు ఫర్జానా మీర్. ఇరవై తొమ్మిదేళ్ల పిల్ల. ముక్కుతో మాట్లాడే రకం కాదు, అచ్చంగా బేకప్ యాసే. వాళ్ల నాన్నమ్మ కూడా చెప్పుల ఫ్యాక్టరీలో బెరిల్ పక్క వరసలోనే కుట్టేదట. బెరిల్‌కు క్లిఫర్డ్ గుర్తొచ్చాడు. ఈ పిల్లను చూసి ఉంటే నోరు మూసుకునేవాడనుకుంది.

ఫర్జానా కాగితం తిప్పి చూపించింది. ఇల్లు, ఇంట్లోని సామాను, సమస్తం ఎదురింటి బెరిల్ ఆష్‌వర్త్‌కు. దాని కింద ఇంకో ముక్క: ఆవిడ ఈ వీధిలోనే ఉండాలి, ఆవిడ చెప్పినవన్నీ తప్పయినా సరే.

బెరిల్ చేతిగుడ్డ కళ్లకద్దుకుంది. ఇంతటి పని చేసి ఆ మొండివాడు నాలుగు నెలలు ఏమీ ఎరగనట్టు ఎదురుగా కూర్చుని డామినోలాడాడా అని ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఆ పిల్ల ముఖంలో మాత్రం నవ్వు లేదు. అది బెరిల్ కాస్త ఆలస్యంగా చూసింది.

"మిసెస్ ఆష్‌వర్త్, ఈ సంతకం మీదేనా?"

"నాదే తల్లీ. నేనూ డెనిసూ పెట్టాం."

ఫర్జానా పెన్ను పక్కన పెట్టి, తడుముకోకుండా, మెల్లగా చెప్పింది. వీలునామాకు సాక్షిగా సంతకం పెట్టినవాళ్లకు ఆ వీలునామా కింద ఏదీ దక్కదు. చట్టం అంతే. ఇంకెవరిదో ఒక సంతకం అదనంగా ఉన్నా సరిపోయేది. లేదు. బెరిల్‌కు రాసినది చెల్లదు, ఇంకెవరికీ ఏమీ రాయలేదు. బంధువుల కోసం వెతికించారు, ఎవరూ తేలలేదు.

"మరి ఇల్లు ఎవరికెళ్తుంది?"

"దిక్కులేని ఆస్తి మన దగ్గర డ్యూక్ కిందికెళ్తుంది. లాంకస్టర్ డ్యూక్."

బెరిల్‌కు అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. డ్యూక్ అంటే ఎవరో ఈ జిల్లాలో ఆవిడకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. కుర్చీ చేతులు పట్టుకుంది.

"రాజుగారికా?"

ఫర్జానా తలూపింది. ఆ డబ్బులో చాలా భాగం ధర్మకార్యాలకు పోతుందని కూడా చెప్పింది. బెరిల్ చెవికది ఎక్కలేదు. జీవితమంతా రాజు పేర లేచి నిలబడనివాడి ఇల్లు, రాజుకు. ఇచ్చిందెవరు? తనే. తన గుండ్రటి చేతిరాతతో. చెంచా అడిగింది తను, చెంచాతోపాటు వంటిల్లూ గోడలూ కప్పూ కలిపి అప్పజెప్పింది తను. చట్టం చేసినవాళ్లకు ఆ క్లబ్బు బల్ల తెలుసా, షాపులో ఫారం కొనుక్కునేవాళ్లుంటారని తెలుసా? మలుపు అవతలి మనుషుల సంగతి వాళ్లకేం తెలుస్తుంది? ఈ మాటలు క్లిఫర్డ్‌వి. తన తలలోకి ఎప్పుడు చేరాయో బెరిల్‌కు తెలియలేదు.

ఒక దారి ఉందంది ఫర్జానా. డ్యూక్ ఆస్తి చూసే కార్యాలయానికి అర్జీ పెట్టుకోవచ్చు. పోయినవాడి మీద ఆధారపడ్డవాళ్లో, భార్యలా కలిసి బతికినవాళ్లో అయితే దయతలచి ఇచ్చే అవకాశం ఉంది. ఫారం చేతికిచ్చింది.

బెరిల్ ఆ ఫారం పట్టుకుని క్లబ్బుకెళ్లింది. డెనిస్ చదివి చాలా తేలిగ్గా తేల్చేశాడు.

"దీనికింత ఆలోచన దేనికి? మీరిద్దరూ మొగుడూ పెళ్లాల్లా ఉన్నారని రాయి. వీధంతా సంతకాలు పెడుతుంది."

"అబద్ధం మీద సంతకాలా?"

డెనిస్ తెల్లబోయాడు. "అబద్ధమా? అదేంటి బెరిల్, మేమంతా ఎప్పుడూ అలాగే అనుకున్నాం కదా."

ఆ రోజు తగిలిన రెండు దెబ్బల్లో ఏది పెద్దదో బెరిల్ ఇప్పటికీ చెప్పలేదు. పద్దెనిమిదేళ్లుగా వీధి వీధంతా అలా అనుకుంటూ, ఒక్కరూ నోరు విప్పకుండా, తనకు గుడ్‌మార్నింగ్ చెబుతూ తిరిగారు. స్టాన్ బతికున్నప్పటి నుంచే అనుకున్నారో ఏమో, అడగడానికి ధైర్యం చాలలేదు. డెనిస్ ముఖం చూడకుండా ఇంటికొచ్చేసింది. ఇంట్లో అట్టపెట్టెలు సగం సర్ది ఉన్నాయి. సెప్టెంబరు ఆఖరుకు ఇంకా పదకొండు రోజులు.

ఒక్క అబద్ధం రాస్తే ఎదురింట్లో ఉండొచ్చు. కుర్చీ, కర్టెన్లు, కిటికీలోంచి తన పాత గడప. రెండు రోజులు ఆ ఫారం చుట్టూ తిరిగింది. మూడో రోజు కూర్చుని, పోయినవాడితో మీ సంబంధమేమిటి అన్న గడిలో రాసింది: "ఎదురింటిదాన్ని. ముప్పై ఏళ్లు వాదించుకున్నాం. భార్యలా ఎన్నడూ లేను. నేను దయ అడగడం లేదు. అది ఆయన నాకిచ్చిన ఇల్లు."

ఫర్జానా చదివింది. ఇలా పంపితే వస్తుందని తాను చెప్పలేనంది.

"ఇలాగే పంపు తల్లీ" అంది బెరిల్.

మర్నాడు క్లిఫర్డ్ ఇంటి తాళంచెవి ఫర్జానాకు అప్పగించాలి. అంతకుముందు ఒకసారి ఎదురింటి తలుపు తీసుకుని లోపలికెళ్లింది. వంటింట్లో నిలబడి, ఖాళీ కుర్చీ వైపు తిరిగి, ముప్పై ఏళ్లలో ఎన్నడూ అనని మాట పైకే అంది.

"నువ్వే గెలిచావు, క్లిఫ్."

అని, అలవాటుకొద్దీ ఆయన ఎగతాళి కోసం కాసేపు ఆగింది. ఒక్కసారి గెలిస్తే లెక్కలోకి రాదని ఎదురు చెబుదామన్నా ఆ మాట వినే మనిషి లేడు. అప్పుడు ఏడ్చింది బెరిల్, ఇల్లు పోయిందని కాదు.