ఎల్లారెడ్డి రిపీట్ కాల్

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది వానాకాలంలో నేను కామారెడ్డిలో ఒక ప్రింటర్ల సర్వీస్ సెంటరులో సీనియర్ ఫీల్డ్ ఇంజనీరుగా ఉన్నాను. రిటైర్మెంటుకు ఇంకా ఏడు నెలలున్నాయి. హోదా పేరు ఘనంగానే ఉంటుంది గానీ, చేసే పని మాత్రం సంచీ భుజాన వేసుకుని ఊళ్లు తిరగడమే. మా భాషలో కస్టమరు ఫిర్యాదును కాల్ అంటాం. బాగుచేసి సర్వీసు షీటు మీద సంతకం తీసుకుంటే అది క్లోజ్ అయినట్టు. నెల తిరగకముందే అదే ఇంటి నుంచి అదే ఫిర్యాదు వస్తే దాన్ని రిపీట్ కాల్ అంటాం. ఇంజనీరుకు అంతకంటే తలవంపులు లేవు.

ఎల్లారెడ్డిలో ఒక ఇంటి నుంచి మూడోసారి కాల్ వచ్చింది. ల్యాప్‌టాప్ నుంచి వైఫై మీద ప్రింటు రావడం లేదని ఫిర్యాదు. మొదటి రెండుసార్లు మా సెంటరులోని మరో ఇంజనీరు వెళ్లి బాగుచేసి వచ్చాడు. ఈసారి సర్వీస్ ఇన్‌చార్జి ఆ షీటు నా బల్ల మీద పెట్టి, పోయేముందు ఇదొకటి చూసిపెట్టమన్నాడు. ‘పోయేముందు’ అన్న మాట నాకు గుచ్చుకుంది. నా కుర్చీ ఎవరికివ్వాలో అప్పటికే మాట్లాడుకుంటున్నారు.

తాడ్వాయి దాటేదాకా బస్సు అద్దాల మీద వాన కొడుతూనే ఉంది. దారి పొడుగునా పాత రోజులే గుర్తొచ్చాయి. రిబ్బను ప్రింటర్ల కాలంలో ఆఫీసు మెట్లెక్కుతూనే ఆ కర్రుమనే చప్పుడు విని లోపం ఎక్కడుందో చెప్పేవాణ్ణి. తీగ ఊడితే కంటికి కనిపించేది. వైఫై వచ్చాక లోపం గాలిలో కలిసిపోయింది. ఆ చప్పుడు మీద నాకు ఇప్పటికీ బెంగే, దాచుకోవడమెందుకు.

కస్టమరు పేరు సునీత, ప్రైవేటు బడిలో టీచరు. మర్నాటి పరీక్ష పేపర్లు ఇంట్లోనే ప్రింటు తీయాలి. ఆమె అత్త వసారాలో చాట ముందు కూర్చుని బీడీలు చుడుతోంది. భర్త రాజేశం గల్ఫ్‌లో కరెంటు పని చేస్తాడు.

నేను ముందు ప్రింటరు బటను కాసేపు నొక్కిపట్టి నెట్‌వర్క్ కాగితం తీశాను. తాను ఏ వైఫైని పట్టుకుని ఉందో ప్రింటరే రాసిచ్చే కాగితమది. అందులో ఇంగ్లీషు అక్షరాల్లో ‘రాజేశం ఇల్లు’ అని ఉంది. ల్యాప్‌టాప్ మాత్రం కేబుల్ ఆఫీసు వాళ్లు పెట్టిన కొత్త వైఫై డబ్బా మీద ఉంది. దాని పేరు నిండా అంకెలే. ఒకే గదిలో రెండు డబ్బాలు, ఒకదాని మీద ల్యాప్‌టాప్, ఇంకోదాని మీద ప్రింటరు. అలా ఉన్నంతకాలం ప్రింటు రాదు.

పాత షీట్లు తిరగేశాను. ప్రింటరును కొత్త వైఫైకి మార్చినట్టు, పని చేసినట్టు రెండింటిలోనూ రాసి ఉంది. యంత్రం తనంతట తాను పాత చోటికి పోదు. ఎవరు మార్చారమ్మా అని అడిగాను.

వసారాలోంచి అత్త అందుకుంది. “నా కోడలే మారుస్తది సారూ. ఆ పాత డబ్బల నెట్టే అస్తలేదట. పనిలేని డబ్బకు కరెంటెందుకు, అటుక మీద పడెయ్యమంటే ఇనది.”

“ప్రింటరు దాని మీద ఉంటెనే గద సార్ దానికి పనుండేది. పనుంటె ఎవరు తియ్యరు” అంది సునీత.

మూడేళ్ల కిందట సెలవులో వచ్చినప్పుడు రాజేశమే ఆ డబ్బా, ప్రింటరూ కొని, బిగించి, ఆ పేరు పెట్టాడట. ఆ తర్వాత అతనికి సెలవు దొరకలేదు. కేబుల్ వాళ్లు లైను మార్చి కొత్త డబ్బా పెట్టాక పాతదానికి నెట్ పోయింది. ఆమె కొత్తదాని మీద పేపర్లు దించుకుని, ల్యాప్‌టాప్‌ను పాతదానికి మార్చి ప్రింటు తీసుకునేది. కొన్నాళ్లుగా ఆ డబ్బా ముట్టుకుంటే కాలుతోంది. నిమిషానికోసారి వైఫై పడిపోయి పేపరు సగంలో ఆగుతోంది. అలా ఆగినప్పుడల్లా మాకు కాల్ చేసేది, మా వాడు ప్రింటరును మార్చి వెళ్లాక మళ్లీ పాతదానికే తిప్పేది.

“దీన్నే మంచిగ చెయ్యరాదుండ్రి సార్. ఆయన రోజు ఫోన్ చేస్తడు. మాట్లాడుతడు, పెట్టేస్తడు. బడి నుంచి ఇంట్లకు రాంగనే ఫోన్ల ఆ పేరు పడతది. ఆయన ఇంట్లున్నట్టే అనిపిస్తది. గంతే.”

రీసెట్ రంధ్రంలో గుచ్చే పిన్ను అప్పటికే నా చేతిలో ఉంది. అది నొక్కితే డబ్బా పేరుతో సహా అన్నీ మరిచిపోతుంది. మా పనిలో సగం రోగాలకు అదే మందు. పిన్ను జేబులో పెట్టుకున్నాను. పనిలేని డబ్బా అన్న మాట నాకూ తగిలింది. ఏడు నెలల్లో నేనూ అటుక ఎక్కేవాణ్ణే.

డబ్బా బతకదని ఆమెకు చెప్పేశాను. పేరును బతికించవచ్చని కూడా చెప్పాను. ఫోనైనా ప్రింటరైనా గుర్తుపెట్టుకునేది వైఫై పేరునూ పాస్‌వర్డునూ. ఆ రెండూ అక్షరం తేడా లేకుండా కొత్త డబ్బాకు పెడితే అన్నీ వచ్చి దాన్నే పట్టుకుంటాయి. రూలు ప్రకారం కేబుల్ వాళ్ల డబ్బాను మేం ముట్టుకోకూడదు. అందుకని సునీత చేత కేబుల్ ఆఫీసుకు ఫోన్ చేయించాను. పేరుల ఏముందమ్మా, నెట్ అస్తుంది గదా అని అక్కడి మనిషి కాసేపు సణిగి, సెట్టింగులు మార్చుకోవడానికి ఒప్పుకున్నాడు.

పాస్‌వర్డు అడిగితే ఆమె తటపటాయించింది. చివరికి చిన్న కాగితం మీద రాసిచ్చింది. నేను కొట్టడం అవగానే తీసుకుని చింపేసింది. అదేమిటో ఇక్కడ రాయను.

ఇక పాత డబ్బా స్విచ్చి ఆపమన్నాను. ఆమె స్విచ్చి మీద వేలు పెట్టి అట్లాగే నిలబడిపోయింది. అత్త చాట పక్కన పెట్టి లేచొచ్చింది. “బంద్ చెయ్ బిడ్డా. వాని పేరు యాడికి పోతది.” సునీత స్విచ్చి ఆపింది.

ప్రింటరు దీపం మిణుకుతూనే ఉంది. నిమిషం గడిచింది, రెండు గడిచాయి. సునీత నా మొహం చూస్తోంది. ముప్పై ఏళ్ల సర్వీసులో నాకు అంత చెమట ఎప్పుడూ పట్టలేదు. అప్పుడు తట్టింది. కొత్త డబ్బాలు రెండు రకాల వైఫై ఇస్తాయి, వేగంగా ఉండేదొకటి, నిదానంగా ఉండేదొకటి. పాత ప్రింటర్లు నిదానంగా ఉండేదాన్నే అందుకుంటాయి. ఆత్రంలో నేను పేరు మొదటిదానికే పెట్టాను. కొత్తగా చేరినవాడు కూడా చేయని తప్పు. రెండోదానికీ అదే పేరు, అదే పాస్‌వర్డు పెట్టాను. దీపం నిలకడగా వెలిగింది.

ల్యాప్‌టాప్‌లో ప్రింటరును తీసేసి మళ్లీ చేర్చాక పరీక్ష పేపరు ఆగకుండా వచ్చింది. సునీత ఫోను చూసుకుంది. ఆ పేరు పడింది. మొదట తీసినలాంటి నెట్‌వర్క్ కాగితం మరొకటి తీసిమ్మని అడిగింది. దాన్ని మడిచి అటెండెన్సు రిజిస్టరులో పెట్టుకుంది. నా ఫోనును కూడా ఆ వైఫైకి కలిపి ఒకసారి సరిచూసి, షీటు మీద సంతకం తీసుకుని బస్టాండుకు వచ్చేశాను.

ఆ ఇంటి నుంచి మళ్లీ కాల్ రాలేదు. నిజం చెప్పాలంటే వస్తే బాగుండునని ఒకటి రెండుసార్లు అనిపించింది. మా పనిలో ఉన్న చిక్కే అది. పని బాగా చేస్తే ఆ గడప మళ్లీ తొక్కం. ఆ తర్వాత మిగిలిన ఏడు నెలలూ ఏ ఇంట్లోనైనా రీసెట్ పిన్ను తీసేముందు, ఈ పేరు ఎవరు పెట్టారని అడిగేవాణ్ణి. వైఫై వచ్చిన నాటి నుంచీ ఆ ప్రశ్న వేయకుండానే ఎన్ని పేర్లు చెరిపేశానో లెక్క లేదు.

రిటైరయ్యాక ఒక పెళ్లికి ఎల్లారెడ్డి వెళ్లాను. మండపం దారి ఆ గల్లీలోంచే. నడుస్తుండగా టైము చూద్దామని ఫోను తీస్తే ‘రాజేశం ఇల్లు’కు కలిసిందని ఉంది. పని అయ్యాక కస్టమరు వైఫైని మా ఫోనులోంచి తీసేయాలన్నది నియమం. ఆ రోజు మరిచిపోయాను. గల్లీ దాటి, సిగ్నలు పోయేదాకా ఆగి, అప్పుడు తీసేశాను.