నాకు తెలియని పత్తి రేటు

ఆ యేడు మా ఇంట్లో మనుషులు పండుకునేదానికి జాగా లేదు. పడసాల నిండా పత్తి. కింద నుంచి దూలాల దాకా తొక్కి తొక్కి నింపినారు. అగ్గి రవ్వ పడుతుందేమోనని అమ్మ పొయ్యిని బయట వేపచెట్టు కిందికి మార్చింది. మా పిల్లి ఆ పత్తిలోనే యాడనో ఈనింది. పిల్లల అరుపులు వినబడేవి గానీ ఒక్కటీ కంటబడలేదు. ఒళ్లంతా నవ. గోక్కుంటా గోక్కుంటా బట్టలు సర్దుకొని, మర్నాడు హైదరాబాదు బస్సెక్కినాను. ఎం.ఏ. ఎకనామిక్స్ ఆఖరి సెమిస్టరు. నోట్లు అచ్చు వేయించే కేంద్ర బ్యాంకులో మూడు నెలలు ఇంటర్న్‌షిప్ చేసి రిపోర్టు రాయాల.

ఆ పత్తి మాది. చేను మాత్రం మాది కాదు, ఎమ్మిగనూరు పక్కన కౌలుకు తీసుకున్నది. దాని మీద నాయిన పెట్టుకున్న ఆశ ఒకటే, ఆ యేడు అమ్మను సుగ్గికి తీసకపోకూడదని. సుగ్గి అంటే మా దిక్కు ఊరొదిలి గుంటూరు పక్కకు మిరపకాయలు తెంపేదానికి పోవడం. ఇంటికి బీగం వేసి, గిన్నెలు మూట గట్టి, లారీల్లో పోతారు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి అమ్మ పోతానే ఉంది. పోయినేడు తిరిగొచ్చేసరికి ఆ ఘాటుకు ఆమె ఊపిరి పట్టేసింది. రెండు అడుగులు వేస్తే ఆయాసం. మళ్లీ మిరప చేను తొక్కితే నేను బాధ్యుణ్ణి కాదని ఆదోనిలో డాక్టరు మొగం మీదే చెప్పినాడు. ఆస్పత్రి మెట్ల మీద నాయిన నా ముందరే మాట ఇచ్చినాడు. "పత్తి మంచి రేటుకు పోతే సాలు. ఇంక నిన్ను మిరప సేన్లోకి దించను, దేవుని తోడు" అన్నాడు. ఆ దినం అమ్మ బస్సులో కిటికీ పక్కన కూర్చొని నవ్వుకుంటా వచ్చింది.

బ్యాంకులో మొదటి దినమే ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు, లోపల చూసింది, విన్నది బయట చెప్పనని. చేరిన ప్రతి ఒక్కరితోనూ పెట్టించేదే. నాకేం తెలుసు, అబ్బో అనిపించింది. సాయంత్రం ఫోన్లో నాయినకు చెప్పినాను.

"ఇంట్లోళ్లకు గూడా సెప్పకూడదా?" అన్నాడు.

"ఎవురికీ" అన్నాను నవ్వుతా.

ఆ మాట ఎత్తుకొని నాయిన నేరుగా టీ అంగడికి పోయినాడు. నోట్ల మీద సంతకం చేసే పెద్దాయన ఆఫీసులో మా పాప నౌకరీ అని ఊరంతా చెప్పుకొని తిరిగినాడంట. అది నౌకరీ కాదు నాయినా, మూన్నాళ్ల ముచ్చట అంటే వింటే గదా! ఆ పెద్దాయనను నేను ఫోటోలో తప్ప చూసింది లేదు.

నా పని ధరల పట్టికలు సరిచేయడం. ఉల్లిగడ్డలు, కందులు, వేరుశనగ, పత్తి. మార్కెట్ల నుంచి వచ్చే ధరల్లో యాడ ఖాళీలున్నాయో చూసి గుర్తుపెట్టాల, తర్వాత గీతలు గీయాల. ఆదోని మార్కెట్ యార్డు పేరు కంప్యూటర్లో కనబడిన దినం మా ఊరోళ్లు ఎవరో ఎదురొచ్చినంత సంబరమైంది. పక్క కుర్చీలో పిల్లకు చూపించి, ఇది మా యార్డు అని చెప్పినాను. ఆ పిల్ల తల ఊపి తన పని తాను చేసుకునింది.

ఫిబ్రవరిలో నాయిన అడిగినాడు.

"పాపా, పత్తి రేటు రవ్వంత లేసినట్టుంది. ఇంకా పెరుగుతాదా? ఉంచేదా, తోలేసేదా?"

"నాకు తెలీదు నాయినా."

"ఊ..." అన్నాడు. ఆ ఊ కొట్టడంలో నవ్వు ఉండింది. "సరే సరే, అడగనులే. సంతకం పెట్టినావు గదా."

"సంతకం సంగతి కాదు నాయినా. నిజ్జంగా తెలీదు. పత్తి రేటు ఈడ ఎవురూ పెట్టరు."

"అర్థమైందిలేమ్మా."

అర్థమైంది నా తలకాయ! రెండు దినాలకు చిన్నాయన ఫోన్ చేసినాడు. నాయిన తమ్ముడు, మా పక్కిల్లే. ఆయనింట్లో కూడా దూలాల దాకా పత్తే.

"నువ్వేం పలకొద్దు, నేను సెప్పేది ఇను సాలు" అన్నాడు. "రేటు పడేదుంటే కన్నకూతురు ఊరుకుంటాదా? అమ్మేయ్ నాయినా అని అరవదా? అరవలేదంటే పెరుగుతాదనే గదా. మీ నాయిన ఆపినాడు. నేను గూడా ఆపినా."

ఫోన్ పెట్టేసినాడు. వెంటనే నాయినకు చేసి అరిచినాను, తెలీదు అంటే తెలీదనే, ఇంకేమీ లేదని. ఎంత అరిస్తే ఆయనకు అంత నమ్మకం కుదిరింది. "ఫోన్లో వద్దమ్మా, ఎవురన్నా ఇంటారు" అని గొంతు తగ్గించినాడు. అమ్మేయమని ఎందుకు చెప్పలేదని మీరడగొచ్చు. ఏ ధైర్యంతో చెప్పేది? అమ్మినాక పెరిగింటే? అమ్మమనేదానికి నా దగ్గర ఆధారం లేదు, ఉంచమనేదానికీ లేదు.

ఆఖరుకు మా మేడమ్‌నే అడిగినాను. నాకు పని చెప్పే ఆమె, ఎన్నో ఏండ్ల నుంచి ధరల మీదే పనిచేస్తున్న మనిషి. మా ఇంట్లో పత్తి ఉంది మేడమ్, వచ్చే నెల రేటు ఎట్లుంటుందన్నాను. ఆమె నవ్వలేదు, కసురుకోలేదు. తన కంప్యూటర్ నా దిక్కు తిప్పింది. జరిగిపోయిన ధరల గీత సన్నగా ఉంది. రాబోయే నెలల దగ్గరికి వచ్చేసరికి అది కొంగు పరిచినట్టు వెడల్పయిపోయింది.

"ఈ వెడల్పంతా ఏమిటనుకున్నావు? మనకు తెలియదని మర్యాదగా చెప్పడం. పెరగొచ్చు, తగ్గొచ్చు. నాన్నగారికి ఉన్నదున్నట్టు చెప్పు" అనింది.

చెప్తానే ఉన్నాను గదా మేడమ్, దినామూ అదే చెప్తాండాను. నమ్మేవాళ్లేరీ? పుస్తకాల్లో అందరి దగ్గరా ఒకే సమాచారం ఉంటుందని చదువుకొని పరీక్ష రాసినాను, మంచి మార్కులే వచ్చినాయి. మా ఊర్లో ఏ సమాచారమూ లేని ఒక్క పిల్ల మీద రెండిండ్ల పత్తి నిలబడి ఉంది.

మార్చిలో రేటు పడింది. నాయిన యార్డులో చూసినాడు, నేను నా పట్టికలో చూసినాను. పొద్దున్నే ఆ పట్టిక తెరవాలంటే చేయి రాదు. తెరిస్తే అంకె ముందటి దినం కంటే కిందికే. ఇప్పుడన్నా అమ్మేయమని బతిమాలినాను. "నువ్వు ఇట్ల ఏడిస్తే ఆడ ఏమనుకుంటారు, కండ్లు తుడుసుకో" అని నన్నే ఓదార్చినాడు. పాప ముందే అరవలేదు, కాబట్టి మళ్లీ లేస్తుందని ఆయన లెక్క. పత్తి పసుపు తిరిగింది. ఆరి తూకం పోయింది. ఆదోనిలో కొనేటాయన ఒక పిడికెడు పీకి చూసి, తిరిగి గోనె బోరెంలోకి విసిరేసినాడంట. ఏం చెప్పినాడో ఆ రేటుకే ఇచ్చి వచ్చినారు, నాయిన, చిన్నాయన ఇద్దరూ. కౌలుకు, ఎరువులంగడికి పోతే చేతిలో ఏమీ మిగల్లేదు. గుంటూరులో మిరప ఇంకా చేన్ల మీదే ఉందని ఊర్లోకి లారీ వచ్చింది.

మేడమ్‌ను అడిగి సెలవు పెట్టి ఇంటికి పోయినాను. పడసాల బోసిపోయి ఉంది. గోడల గరుకుకు పత్తి పీచు అంటుకొని ఉంది. పిల్లి తన పిల్లలతో నడుమ కూర్చునింది. అమ్మ గిన్నెలు మూట గడతాండాది, ముడి ముడికీ ఆగి ఊపిరి తీసుకుంటా. నన్ను చూసి లేవలేదు.

"నిజం సెప్పు. తెలుసునా, తెలీదా?"

"తెలీదమ్మా. నీ మీద ఒట్టు."

"తెలీకపోతే ఇన్నేండ్లు ఏం సదివితివి?" అనింది. ఇంకో ముడి బిగించి, "తెలిసి సెప్పకపోయింటే, ఇంక నీతో నాకు మాటే లేదు" అనింది. నేను మూట పట్టుకోబోతే నా చేయి పక్కకు తోసింది.

నాయిన నన్ను వేపచెట్టు కిందికి పిలిచినాడు. తిడతాడేమో, తిడితే బాగుండు అనుకున్నాను.

"మీ యమ్మ మాటలు మనసులో పెట్టుకోవాకు పాపా. నేను అడిగిందే తప్పు. సంతకం పెట్టిన మనిషిని అడగొచ్చునా? కన్నతండ్రి మునిగిపోతాంటే గూడా నోరు జారలేదంటే, నిన్ను ఎంత నమ్మి ఆడ కూసోబెట్టుకున్నారో నాకు తెల్దా?"

"నాయినా, నాకేం తెలీదు. ఆడ ఎవురికీ ఏం తెలీదు."

"ఊ..." అన్నాడు. మళ్లీ అదే నవ్వు. నా తల మీద చేయి పెట్టినాడు.

నేను చేయని ద్రోహానికి నాయిన నన్ను మన్నించేసినాడు. ఆ చేతి కింద నాకు ఏడుపు గూడా రాలేదు. లారీ హారన్ కొట్టినారు. చిన్నాయన నా దిక్కు చూడకుండా ఎక్కినాడు. అమ్మ చక్రం మీద కాలు పెట్టి ఒక్కసారిగా ఎక్కలేకపోయింది, ఇద్దరు చేతులు పట్టి పైకి లాగినారు. బండి కదిలినాక దాని మీద నుంచి నాయిన పక్కనోళ్లకు నన్ను వేలితో చూపిస్తా ఏదో చెప్తాండాడు. ఇంజను చప్పుడుకు మాట వినబడలేదు గానీ, మొగమంతా గర్వమే. అమ్మ అటుదిక్కు తిరిగి కూర్చొని, మిరప చేను ఇంకా రాకముందే టవలు ముక్కుకు కట్టుకునింది.