లాంతరు పట్టుకుని నిప్పుకి వెళ్ళినవాణ్ణి

ఇప్పటివాళ్ళకి చెబితే నవ్వుతారు గానీ, మా కుర్రతనంలో ఇల్లు పెట్టడమంటే చూరు కింద ఒక పొయ్యి, పొయ్యి మీద ఒక కుండ, మూల ఒక నీళ్ళ బాన, అంతే. మిగతా సామానంతా ఊళ్ళో ఉండేది. రోలు ఒకరింట్లో, తిరగలి ఇంకొకరింట్లో, జల్లెడ మరొకరింట్లో, నిప్పు ఎవరి పొయ్యిలో ఆరకుండా ఉంటే వారింట్లో. ఈ సంగతి బుద్ధెరిగిన ప్రతివాడికీ తెలుసు, నాకు తప్ప. అది మా నాన్న పుణ్యం. పర్లాకిమిడి దారిలో ఎగువనున్న మా పల్లె నుంచి నేను టెక్కలికి తూర్పున, సముద్రం ఒడ్డునున్న, ఉప్పు నిలవచేసే కొటారులో గుమస్తా పనికి బయల్దేరుతుంటే, బండి చక్రం పట్టుకుని మరీ చెప్పాడాయన. "పరాయి ఊరు. ఎవుల గడపా తొక్కీకు. సెయ్యి సాపినోడు అలుసైపోతాడు." నేను ఆయన మాట ఎప్పుడూ వినని కొడుకుని. ఆ ఒక్కమాటా ఎందుకు విన్నానో దేవుడికెరుక.

అప్పటికి నాకు పెళ్ళయింది గానీ కాపురం లేదు. పిల్ల ఇచ్ఛాపురం దగ్గర పుట్టింట్లోనే ఉంది. ఆ ఇంట్లో పెత్తనమంతా మా ఆవిడ నాయనమ్మది. నా మటుకు నేను ఆవిడకి తనిఖీ మామ్మ అని పేరు పెట్టుకున్నాను (పైకి అనే ధైర్యం చివరిదాకా రాలేదు). "ఇల్లు అమర్చుకున్నాక కబురు పెట్టు బాబూ. మా యమ్మ ఒచ్చి సూసుకుంటాది. బాగుందంటే పిల్లని తోలతాం" అన్నాడు మా మావ. పెళ్ళిపీటల మీద తలొంచుకుని కూర్చున్న పిల్ల మొహం నేను సరిగా చూసిందే లేదు. చూసిన కాస్తా మరిచిపోతానేమోనని భయం. అందుకని ఇల్లు అమర్చడానికి నడుం కట్టాను.

ముందు నీళ్ళ సంగతి. ఆ ఇసక నేలలో కాస్త తవ్వితే చాలు, తియ్యటి నీళ్ళు పడతాయి. ఆశపడి లోతుకి పోతే ఉప్పు తగులుతుంది. ఊరందరికీ కలిపి కొబ్బరితోట అంచున ఒక నుయ్యి ఉండేది. పొద్దున్నే ఆడవాళ్ళంతా అక్కడ చేరి, కడవ నిండాక కూడా కబుర్లు నిండలేదని నిలబడిపోయేవారు. నా పెళ్ళానికి అంతదూరం మోత ఎందుకని పెరట్లోనే నుయ్యి తవ్వించి మట్టి వరలు దింపించాను. ఆ తరవాత రోలు. తరవాత తిరగలి. మట్టిపొయ్యి అయితే వానకి చెమ్మెక్కుతుందని ఇనప కుంపటి. ఆముదం దీపం గాలికి ఆరిపోతుందని గాజుబుడ్డి లాంతరు. నిప్పుకి మాత్రం ఇంకొకడి వాకిట్లో నిలబడతానా అని కాశీబుగ్గ సంతలో ఒక కట్టెడు సీమ అగ్గిపెట్టెలు. ఇవన్నీ ఒక ఎత్తు, కాల్చుకు తినేందుకు చేయించిన సామాను ఒక ఎత్తు. మా అమ్మ చేపని నిప్పుల మీదే పడేసి కాల్చేది. పైన బూడిద, లోపల పచ్చి. నా ఇంట్లో అలా కుదరదని టెక్కలి కమ్మరి చేత ఇనప చువ్వలు అడ్డంగా నిలువుగా అల్లించి, నాలుగు కాళ్ళు పెట్టించి, పైన మూతలాంటిది కూడా వేయించాను. చేపైనా, వంకాయైనా, చిలగడదుంపైనా దాని మీద పెట్టి మూతేస్తే చక్కగా కాలాలని నా ఊహ. బండి దిగిన ఆ వస్తువుని పక్కింటావిడ కొబ్బరాకుల దడి మీంచి చూసింది.

"ఏటి బాబూ, ఎలకలెక్కువగా ఉన్నాయేటి?" అంది.

"ఎలకల బోను కాదమ్మా. చేపలు కాల్చుకోడానికి."

"ఓలమ్మ! సేపలు బోన్లో పడతాయేటి!" అని లోపలికి వెళ్ళి మొగుడికి చెప్పింది. ఆయన దగ్గు వచ్చేదాకా నవ్వాడు. నాకు రోషం వచ్చి దడి ఎత్తు పెంచాను. (మా నాన్న చూసుంటే మెచ్చుకునేవాడు.)

ఇల్లు అమరింది. ఏ వస్తువుకీ లోటు లేదు. కానీ ఏం చెప్పను, ఆ ఇంట్లో నేనున్నన్ని దిక్కుమాలిన సాయంకాలాలు పగవాడికి కూడా వద్దు. ఉప్పుమళ్ళ నుంచి కూలివాళ్ళు గుంపులుగా పాడుకుంటూ ఇళ్ళకి పోయేవారు. నేను నా నూతిలో నీళ్ళు తోడుకుని, నా కుంపటి నా అగ్గిపుల్లతో ముట్టించుకుని, నా బోను మీద నాలుగు కవళ్ళ చేపలు పేర్చుకుని కూర్చునేవాణ్ణి. దడి అవతల పక్కింటివాళ్ళ అరుగు మీద ఎవరో ఒకరు వచ్చి కూర్చునేవారు, నిప్పుకనో చేటకనో. వచ్చినవాళ్ళు ఊరికే పోతారా? ఎవరి ఆవు ఈనింది, ఎవరి కోడలు అలిగింది, అన్నీ చెప్పుకుని, నవ్వుకుని, చుట్ట ముట్టించుకుని మరీ వెళ్ళేవారు. నా చేపలు వాళ్ళ చేపల కన్నా బాగా కాలేవి, ఒట్టు! కానీ బాగా కాలిందని చెప్పుకోడానికి ఒక మనిషి ఉండొద్దూ? ఉండబట్టలేక ఒకరోజు లాంతరుతో అన్నాను, "బాగుందిరా" అని. ఆ మాట నాకే వినబడేసరికి ఏడుపొచ్చింది. తోట మీంచి సముద్రం హోరు ఒకటే, ఎవరో నన్ను కాకుండా ఇంకెవరినో పిలుస్తున్నట్టు. ఊరిజనం నన్ను ఏమీ అనేవారు కాదు. ఎదురుపడితే పక్కకి తప్పుకుని "గుమస్తా బాబు" అని దండం పెట్టేవారు, అంతే. ఆ దండం చూస్తే మరీ దిగులేసేది. ఎలాగైనా ఆ పిల్ల వచ్చేస్తే చాలు, ఈ ఇంట్లో ఒక మాట వినిపిస్తుంది అనుకుని కబురు పెట్టాను.

తనిఖీ మామ్మ నౌపడాలో రైలు దిగి, బండిలో వచ్చింది. కాళ్ళు కడుక్కోడానికిచ్చిన నీళ్ళు పుక్కిలించి, "తియ్యగున్నాయి" అంది. తిరగలి ఒక చుట్టు తిప్పింది. బాన మీద వేలితో కొట్టి చూసింది. ఎలకల బోను చూసి, ఏమిటని అడక్కుండానే తల ఊపింది. నా గుండె కొబ్బరిచెట్టెక్కి కూర్చుంది. "అంతా బాగుంది నాయనా. నిప్పెవులింటి కాడ తెచ్చుకుంతన్నావు?" అంది.

"నిప్పు తెచ్చుకోడమెందుకు మామ్మా? అగ్గిపెట్టెలు కట్టెడున్నాయి" అన్నాను, గొప్పగా.

మామ్మ పమిట నడుముకి చుట్టుకుని దడి చుట్టూ తిరిగి పక్కింటికి వెళ్ళింది. నేను ఆవిడకోసం కాల్చిన దుంప చల్లారిపోయి, మళ్ళీ కాల్చి, అదీ చల్లారిపోయాక వచ్చింది. గుమ్మంలోనే నిలబడి చెప్పింది. "నీ పక్కింటోలు మంచోలు బాబూ. గుమస్తా బాబు ఎలాటోడమ్మా అనడిగినాను. మంచోడో సెడ్డోడో మాకెలా తెలుత్తాది, నిప్పుకైనా రాడు కదా అన్నారు. రేపు నా మనవరాలికి నొప్పులొత్తే ఎవుల్ని పిలుత్తావు? ఈ లాంతర్నా?"

నేను లాంతరు వైపు చూశాను.

"పిల్లని తోలను. నీకు ఈ ఊళ్ళో నిప్పు పుట్టిన్నాడు కబురెట్టు" అని, దుంప కూడా ముట్టకుండా బండెక్కి వెళ్ళిపోయింది. బండి మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. పెళ్ళాం వస్తుందని అటకమీద దాచిన గాజుల మలారం అలాగే ఉండిపోయింది.

సరే, నిప్పేగా, అదెంత పని అనుకున్నాను. ఒక కొబ్బరిచిప్ప చేత పట్టుకున్నాను. దీపాలు పెట్టే వేళ, వానాకాలం, తోటదారి నిండా పురుగూ పుట్రా. అందుకని రెండో చేత్తో లాంతరు పట్టుకున్నాను. పక్కింటి వాకిట్లో నిలబడి, గొంతు సవరించుకుని, "అమ్మా, కాస్త నిప్పు పెడతారా?" అన్నాను. అరుగు మీద కూర్చున్న పది మందీ మాట ఆపేశారు. ఆ ఇంటాయన నా మొహం చూశాడు, చిప్ప చూశాడు, భగభగా వెలుగుతున్న లాంతరు చూశాడు.

"ఓరి నాయనో! సేతిలో ఎన్నట్టుకుని నేతికేడిసినట్టు, నాంతరట్టుకుని నిప్పుకొచ్చినావేటి బాబూ!"

ఇక అరుగంతా విరగబడి నవ్వింది. ఎదురింటివాళ్ళు కూడా వచ్చి నవ్వారు. ఆ ఇంటావిడ మాత్రం బుగ్గ నొక్కుకుని, "అదీగాక నేడు సుక్కురవారం. దీపాలేళ నిప్పు బయటికెల్లదు బాబూ. మాయింటి లచ్చిమినట్టుకుపోతావేటి?" అంది. మా ఊళ్ళో కూడా శుక్రవారం నిప్పివ్వరు. చిన్నప్పటి నుంచి చూసిందే. ఆ క్షణాన బుర్రలో ఏమున్నదో, ఏమీ లేదు. పరువు ఎలాగూ పోయింది గనక ఉన్నమాట చెప్పేశాను. "నాకు నిప్పు అక్కర్లేదమ్మా. ఈ ఊళ్ళో నాకు నిప్పు పుడితేనే గాని మా వాళ్ళు పిల్లని పంపరట. ఆ ఇంట్లో ఒక్కణ్ణీ ఉండలేకపోతున్నాను" అన్నాను. నవ్వులు ఆగాయి. చిప్పా లాంతరూ పట్టుకుని ఇంటికొచ్చి, కుంపటి ముట్టించకుండా పడుకున్నాను.

తెల్లారగానే తడిక చప్పుడైంది. పక్కింటావిడ! చేతిలో కొబ్బరిచిప్ప, చిప్పలో బూడిద కప్పిన ఎర్రటి నిప్పులు. "ఇంద. నిప్పడిగినోడ్ని ఒట్టిసేతుల్తో పంపీసినానని నాకు నిద్దర్నేదు. నన్ను అప్పా అని పిలూ, అమ్మా ఏటి, నానేటి ముసిల్దాన్నా?" అంది. కుంపట్లో తనే పోసి, ఊది, కళ్ళు తుడుచుకుంటూ పొయ్యిపక్కన చతికిలబడింది. కాసేపాగి, "తమ్ముడా, ఆ ఎలకల బోను ఓపాలి ఇత్తావేటి? మీ బావ సేపలు తెచ్చినాడు" అంది. ఇచ్చాను. ప్రాణం పెట్టమన్నా ఇచ్చేవాణ్ణి.

అక్కడితో కట్ట తెగింది. బోను బాగుందని ఎదురింటివాళ్ళు పట్టుకెళ్ళారు. తిరగలిని ఇద్దరు మగవాళ్ళు మోసుకుపోయారు, రోలుని దొర్లించుకుపోయారు. దడి సగం పీకి బావ దారి చేశాడు, చుట్టూ తిరిగి రావడం కష్టమట. నా నుయ్యి మా ఇళ్ళ వరసలో అందరిదీ అయింది. అగ్గిపెట్టెలు ఉప్పుమళ్ళ కూలివాళ్ళకి చుట్టలకోసం పంచేశాను. సాయంకాలమైతే బావ నా అరుగు మీదే తేలేవాడు. నా చేప తిని "బాగా మాడింది" అనేవాడు. ఆ వంక పెట్టేవాడి కోసమే కదా నేను అన్నాళ్ళు మొహం వాచింది!

మళ్ళీ కబురు పెట్టాను. ఈసారి మామ్మ పిల్లని, పెట్టెని కూడా తెచ్చింది గానీ బండి దింపనివ్వలేదు. ముందు తను ఇంట్లోకి వచ్చింది. ఇల్లు బోసిగా ఉంది. బాన ఎవరింటి పెళ్ళికో పోయింది. లాంతరు కూడా లేదు, పురిటింట్లో ఉంది. "దొంగలడ్డారేటి?" అంది మామ్మ, బెదిరిపోయి.

"లేదు మామ్మా, సామానంతా ఊళ్ళో ఉంది" అంటూండగానే దడి కంతలోంచి అప్ప వచ్చింది, చిప్పలో నిప్పులతో. వెనక బావ, బోను నెత్తిన పెట్టుకుని. "మా తమ్ముడి పెల్లామొచ్చిందంట కదా? బండిలో కూకోబెట్టీసినారేటి, ఎండలోన?" అని అప్ప మామ్మ మీదే కేకలేసింది. మామ్మని ఎవరైనా కేకలెయ్యడం అదే మొదటిసారనుకుంటాను. ఆవిడ గడప మీద కూర్చుని, నావైపు చూసి, బయటికి కేకేసింది. "పిల్లా, పెట్టి దించు."

మా ఆవిడ ఆ ఇంట్లో వెలిగించిన మొదటి పొయ్యి అప్ప నిప్పుతోనే. అప్ప ఉన్నన్నాళ్ళూ, చూరులో అగ్గిపెట్టె ఉన్నా సరే, పొద్దున్నే చిప్ప పట్టుకుని అటు వెళ్ళాల్సిందే. వెళ్ళిన మనిషి ఒక పట్టాన వచ్చేదా! నేను కొటారుకి చద్దన్నం తిని పోయిన రోజులే ఎక్కువ.

బావా పోయాడు, అప్పా పోయింది. మా ఆవిడ కూడా వాళ్ళ వెనకే వెళ్ళింది. నేను కాశీబుగ్గలో ఒక చిన్న ఇంట్లో ఉంటున్నాను. పెరట్లో పంపు ఉంది, కిరసనాయిలు స్టవ్వు ఉంది, టార్చిలైటు ఉంది. ఏ వస్తువుకీ లోటు లేదు. ఈ మాట ఇదివరకు ఎక్కడో రాశాను కదూ? పక్క వాటాలో కొత్తగా ఒక జంట దిగింది. వాళ్ళకీ దేనికీ లోటు లేదు, అందుకని ఇటు రారు. నిన్న సాయంత్రం అటక వెతికి ఒక కొబ్బరిచిప్ప పట్టుకుని వాళ్ళ గుమ్మంలో నిలబడ్డాను. శుక్రవారం కాదు, చూసుకునే వెళ్ళాను. టార్చిలైటు ఇంట్లోనే పెట్టాను, ఆమాత్రం బుద్ధొచ్చింది. "అమ్మాయీ, కాస్త నిప్పు పెడతావా?" అన్నాను. "నిప్పా తాతగారూ? మాది స్టవ్వండి. అగ్గిపెట్టె ఇమ్మంటారా?" అంది. అదే ఇమ్మని ఒక అడుగు ముందుకేశానో లేదో, చొక్కా జేబులో నా అగ్గిపెట్టె గలగలమంది. ఆ పిల్ల నా జేబు వైపు చూసింది. నేను చూరు వైపు చూశాను. ఆ అమ్మాయి లోపలికి వెళ్ళి అగ్గిపెట్టె తెచ్చి నా చిప్పలో వేసి, "రేపు తెచ్చి ఇచ్చేయండి తాతగారూ, మాకిదొక్కటే ఉంది" అంది, నవ్వు ఆపుకుంటూ.

ఆ పెట్టె ఇదిగో, నా ముందే ఉంది. ఒక్క పుల్లా గియ్యలేదు. సాయంత్రం వెళ్ళి ఇచ్చి రావాలి. వట్టి చేతులతో వెళ్ళడం బాగుండదు. వాళ్ళు చేపలు తింటారో లేదో అడగలేదు, రెండు చిలగడదుంపలైతే ఎవరైనా తింటారు. ఎలకల బోను అటక మీదే ఎక్కడో ఉండాలి, దింపుకోవాలి.