ఫింటన్ పబ్బులో పొగ పోయిన ఏడాది

నూలా గెరాటీ జన్మలో సిగరెట్టు ముట్టలేదు. అయినా ఊళ్ళో అందరికంటే ఎక్కువ దగ్గేది ఆమే. ఐర్లండులో, మేయో జిల్లాలోని ఆ చిన్న ఊళ్ళో, ఫింటన్ పబ్బులో కౌంటరు వెనక నిలబడి బీరు పోయడం పెళ్ళికి ముందే మొదలుపెట్టింది. పిల్లలు పెద్దవాళ్ళయినా అక్కడే ఉంది. సాయంత్రానికి పొగ ఎంత దట్టంగా కమ్మేదంటే, ఎదుటి గోడ మీది గడియారం కనబడక, జనం ఎంత తూలుతున్నారో చూసి టైము అంచనా వేసేది. ఓసారి డాక్టరు ఛాతీకి గొట్టం పెట్టి, "రోజుకెన్ని కాలుస్తావమ్మా?" అన్నాడు.

"నేను కాల్చను డాక్టరుగారూ. మా ఊరు కాలుస్తుంది."

ఆయన నమ్మినట్టు లేదు.

రెండువేల నాలుగు మార్చిలో, పబ్బుల్లో పొగ తాగకూడదని ఐర్లండంతటా చట్టం వచ్చింది. పబ్బు యజమాని ఫింటన్ తల పట్టుకున్నాడు.

"ఇక తాళం వేసుకోవడమే నూలా. పొగ లేని పబ్బుకి ఎవడొస్తాడు?"

"నేనొస్తాను," అంది నూలా, యాష్‌ట్రేలన్నీ బుట్టలో పడేస్తూ.

మొదటిరోజే, గొర్రెలు పెంచే మాలకీ అలవాటుగా పైపు తీశాడు. పెళ్ళీ పెటాకులూ లేని ముసలాయన. కాళ్ళ దగ్గర ఎప్పటిలాగే ఆయన కుక్క బ్రాన్ పడుకుని ఉంది.

"మాలకీ, బయటికెళ్ళి కాల్చుకోండి."

"వాన పడుతోంది తల్లీ."

"మనూళ్ళో వాన ఎప్పుడు పడలేదు?"

"నీ పెళ్ళిలో డాన్సు చేసినవాణ్ణి, నన్నే గెంటేస్తావా?"

"డాన్సు చేశారా, నా కాళ్ళు తొక్కారా? వెళ్ళండి. మీ గ్లాసు నేను చూసుకుంటాలే."

ఆయన వెళ్ళాడు. సొంత బాబాయిని గెంటినట్టు నూలాకి మనసు చివుక్కుమంది.

వారం తిరిగేసరికి కొత్త గొడవ వచ్చిపడింది. పొగ పోయాక అసలు వాసనలు బయటపడ్డాయి. తివాచీలో ఇంకిన పాత బీరు, తడి సాక్సులు, వెనక మరుగుదొడ్డి. అన్నిటినీ మించి బ్రాన్. ముక్కులు మూసుకుని అందరూ కుక్కవైపు తిరిగారు.

"నా కుక్క మారలేదు, మీ ముక్కులే మారాయి," అని మాలకీ లేచాడు. "మొన్న నన్ను, ఇవాళ దీన్ని. ఇక ఈ గడప తొక్కను."

నూలాకి మాత్రం లోలోపల సంబరంగా ఉంది. ఏళ్ళ తరబడి చచ్చుబడిన ముక్కుకి ఆ కంపు తెలుస్తోంది మరి. బకెట్టు వేణ్ణీళ్ళు, గిన్నెల సబ్బు పట్టుకుని కుక్కని పెరట్లోకి లాక్కెళ్ళింది. వెళ్ళిపోబోయిన మాలకీ, కుక్కని వదల్లేక వెనకే వచ్చి దాని మెడ పట్టుకున్నాడు, నోట్లో పైపుతో.

నూలా దగ్గింది. మాలకీ ఆమె మొహంలోకి చూశాడు.

"ఇన్నాళ్ళూ నీకీ పొగ పడేది కాదా?"

"పడేది కాదు."

"చెప్పొచ్చుగా."

"ఎవరికని చెప్పను? అందరూ మనవాళ్ళేగా."

ఆయన గాలి ఎటు వీస్తోందో చూసుకుని, అవతలి పక్కకి వెళ్ళి కూర్చున్నాడు. ఆ తర్వాత పైపు మానలేదు, పబ్బూ మానలేదు. ఆయన కోసమే ఫింటన్ పెరటి గోడవారగా చిన్న రేకు చూరు దింపించి, బల్ల వేయించాడు. బేరం కొంత తగ్గింది గానీ తాళం పడలేదు.

జూలై ఆఖరి ఆదివారం ఊరంతా క్రో పాట్రిక్ అనే పుణ్యకొండకి యాత్ర వెళ్ళింది. ఏటా కిందే ఉండి అందరి కోట్లూ కాపలా కాసే నూలా ఈసారి తనూ ఎక్కింది. మెల్లగానే, కానీ దగ్గు రాలేదు. సగం దారిలో కింద నుంచి ఫింటన్ రొప్పుతూ కేకేశాడు.

"నూలా, కాస్త ఆగు, ఊపిరాడట్లేదు."

నూలా ఒక రాయి మీద కూర్చుని, రొట్టె పొట్లం విప్పి, అతని కోసం ఆగింది.